1937 నాటి 'ది హరికేన్': చివరి తుఫాను ఒక్కటే చూస్తే సరిపోతుందా?

రాయగడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "జాన్ ఫోర్డ్ తీసిన 1937 నాటి 'ది హరికేన్' గురించి ఎక్కడ చూసినా చివర్లో వచ్చే తుఫాను తప్ప అందులో ఏమీ లేదనే రాస్తున్నారు. నేనూ సగం చూసి ఆపేశాను. మళ్ళీ మొదటినుంచి చూడాలా, తుఫాను భాగం ఒక్కటీ చూస్తే చాలా? కొందరికి ఆ సినిమా అంటే అంత అభిమానం ఎందుకు?"

మొదటినుంచి చూడండి. తుఫాను ముక్క ఒక్కటే చూడొద్దు. తుఫానును గొప్పగా తీశారన్నది నిజమే. కానీ అది మనకు అంత గట్టిగా తగలడానికి కారణం దానికి ముందున్న గంటకు పైగా కథ. ఒక మనిషికి పడిన ఆరు నెలల జైలు పదహారేళ్ళు ఎలా అయిందో చూడకుండా ఆ దీవి కొట్టుకుపోవడం మాత్రం చూస్తే, తెర మీద గాలీ నీళ్ళూ తప్ప ఏమీ కనిపించవు.

నేను ఉండేది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో. పాత సినిమాలు సంపాదించి నలుగురికీ చూపించడం, అయ్యాక కూర్చుని మాట్లాడుకోవడం చాలా ఏళ్ళుగా నా వ్యాపకం. ఈ సినిమాను మా ఊళ్ళో సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకు చూపించాను, ఛత్రపురంలో ఉద్యోగస్తులకు చూపించాను, గోపాలపురంలో తెలుగు మాట్లాడే మన జాలర్ల మధ్య కూడా చూపించాను. ఒక్కో చోట ఒక్కో విషయం పట్టుకున్నారు. నేను చెప్పబోయేదాంట్లో సగం వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

ముందు కథ, మీరు ఆపేసిన చోటు నాకు తెలియదు కాబట్టి. దక్షిణ పసిఫిక్‌లో ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న మనుకురా అనే దీవి. పేరు కల్పితం, మ్యాపులో దొరకదు. అక్కడి కుర్రాడు తెరంగి ఒక తెరచాప ఓడలో మేట్, అంటే కెప్టెన్ కింద అధికారి. మరామా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు. పెళ్ళయిన కొత్తలోనే ఓడ మీద తాహితి వెళ్తాడు. అక్కడ బార్‌లో ఒక తెల్లవాడు అతన్ని అవమానిస్తే ఒక్కటి కొడతాడు. ఆ తెల్లవాడికి పలుకుబడి ఉంది. ఆరు నెలలు జైలు. తెరంగి గోడల మధ్య బతకలేడు. పారిపోతాడు, దొరికిపోతాడు, శిక్ష పెరుగుతుంది. మళ్ళీ పారిపోతాడు, మళ్ళీ పెరుగుతుంది. అలా ఆరు నెలలు కాస్తా పదహారేళ్ళు అవుతాయి. ఎనిమిదేళ్ళకు చివరికి బయటపడతాడు గానీ, ఆ పెనుగులాటలో కాపలావాడు అతని చేతిలో అనుకోకుండా చనిపోతాడు. చిన్న పడవలో ఒంటరిగా ఆరువందల మైళ్ళ సముద్రం దాటి ఇంటికొస్తాడు. తాను జైల్లో ఉండగా పుట్టిన కూతుర్ని చూస్తాడు. గవర్నరు అతని కోసం దీవి అంతా గాలిస్తుంటాడు. అప్పుడొస్తుంది తుఫాను.

ఈ సినిమాకు అసలు కేంద్రం గవర్నరు. ప్రేమకథ అనుకుని కూర్చున్నవాళ్ళు ఇక్కడే దారి తప్పుతారు. రేమండ్ మాసీ వేసిన గవర్నరు ద లాజ్ పాత్రను మామూలు విలన్‌గా రాయలేదు. అతను లంచగొండి కాదు, తాగుబోతు కాదు, ఎవర్నీ సరదాకి హింసించడు. చట్టాన్ని నమ్మినవాడు. అతని భార్య (మేరీ ఆస్టర్), దీవిలో డాక్టరు (థామస్ మిచెల్), ఫాదర్ పాల్ (సి. ఆబ్రీ స్మిత్), ఓడ కెప్టెన్ (జెరోమ్ కోవన్) అందరూ ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు: మీరు ఒక్క మాట చెబితే తెరంగి ఇక్కడికొచ్చి మన కళ్ళ ముందే శిక్ష పూర్తి చేసుకుంటాడు కదా అని. అతను ఒప్పుకోడు. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి అంటాడు.

ఛత్రపురంలో సినిమా అయ్యాక పెద్ద గొడవే జరిగింది. జీవితమంతా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన గవర్నరు పక్షం మాట్లాడారు. "ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తెలుస్తుంది బాబూ ఆ బాధ. ఇవాళ ఇతనికి ఇచ్చావనుకో, రేపు ఇంకొకడు వచ్చి నాకెందుకు ఇవ్వవంటాడు" అన్నారు. ఆయన మాటలో నిజాయితీ ఉంది, ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో కూర్చున్న ఒక టీచరమ్మ లేచి ఒకటే అన్నారు: "కొట్టినందుకు వేసిన శిక్ష ఆరు నెలలండీ. మిగతా పదిహేనున్నర ఏళ్ళు ఇంటికి పోతానన్నందుకు వేశారు." ఆ తర్వాత చాలాసేపు వాదన నడిచింది గానీ, ఆ లెక్కకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

నాకు ఈ సినిమా విలువ అక్కడే కనిపిస్తుంది. శిక్ష పెరిగిన ప్రతిసారీ ఏదో ఒక సెక్షన్ ప్రకారమే పెరుగుతుంది. ఎవరూ నిబంధన తప్పరు. తప్పకుండానే ఒక మనిషి జీవితం నాశనమవుతుంది. సినిమా వచ్చింది 1937లో, ప్రపంచంలో సగం యూరప్ గవర్నర్ల కింద ఉన్న రోజుల్లో. మన గంజాం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒడిశాలో కలిసి అప్పటికి ఏడాదే, పైన కూర్చున్నది తెల్ల గవర్నరే. అలాంటి కాలంలో హాలీవుడ్ నుంచి, అదీ వినోదం కోసం తీసిన పెద్ద బడ్జెట్ సినిమాలో, తెల్లవాడి చట్టం తెల్లవాడికే పనిచేస్తుందని ఇంత సూటిగా చెప్పడం చిన్న విషయం కాదు.

మొదటి అరగంటలో తెరంగి టోపీని గమనించండి. మేట్ హోదాకి గుర్తుగా అతను పెట్టుకునే టోపీ. అది పెట్టుకుని తాహితిలో కూర్చుంటే తనూ తెల్లవాళ్ళతో సమానమేనని మురిసిపోతాడు. బార్‌లో జరిగేదానికి బరువు వచ్చింది ఆ మురిపెం వల్లే. ఈ ముక్క వదిలేసి తుఫానుకు దూకితే, ఆ దెబ్బ ఎందుకు కొట్టాడో మీకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక ప్రేమకథ సంగతి. మరామాగా వేసిన డొరొతీ లామూర్, తెరంగిగా వేసిన జాన్ హాల్ ఇద్దరూ కలిసి తెర మీద ఉండేది తక్కువసేపే. పెళ్ళి, కొన్ని రోజుల ఆనందం, ఆ తర్వాత ఏళ్ళకు ఏళ్ళు ఎడబాటు. చాలామంది ఇది లోపం అంటారు. నేను అనను. ఆమెకు డైలాగులు ఎక్కువ లేవు, ఒడ్డున నిలబడటమే ఎక్కువ. ఓడ వచ్చినప్పుడల్లా ఊరంతా రేవుకు పరిగెత్తుతుంది, దిగినవాళ్ళలో అతను ఉండడు. ఈ భాగం మా వైపు వాళ్ళకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. గోపాలపురం ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడినుంచి స్టీమర్ ఎక్కి రంగం (రంగూన్) వెళ్ళినవాళ్ళు గంజాం, శ్రీకాకుళం పల్లెల్లో ప్రతి పాత కుటుంబంలోనూ ఉంటారు. కొందరు డబ్బు పంపారు, కొందరు ఉత్తరం కూడా పంపలేదు. ఆ పాత జెట్టీ స్తంభాలు కొన్ని ఇప్పటికీ ఇసుకలో నిలబడి ఉన్నాయి. గోపాలపురంలో సినిమా చూసిన ఒక ముసలమ్మ తుఫాను గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "ఎనిమిదేళ్ళు ఆ పిల్ల ఏం తిన్నాది, ఎవరు చూశారు దాన్ని?" అని అడిగింది. సినిమా దీనికి జవాబు చెప్పదు. చెప్పి ఉంటే ఇంకా పెద్ద సినిమా అయ్యేది.

నటన విషయంలో నిజం చెప్పాలంటే ఈ ఇద్దరూ గొప్ప నటులేమీ కాదు. కానీ జాన్ హాల్ తాహితిలో పెరిగినవాడు. నీళ్ళలో అతని ఒళ్ళు కదిలే తీరు స్టూడియోలో ఈత నేర్పితే వచ్చేది కాదు. మా జాలరి కుర్రాళ్ళు వెంటనే పట్టేశారు: "ఈడికి సముద్రం తెలుసు." లామూర్ న్యూ ఆర్లీన్స్ అమ్మాయి, ఆమెకు ఆ సౌలభ్యం లేదు. ఛాయాగ్రాహకుడు బెర్ట్ గ్లెన్నన్ ఆమె ముఖం మీద వెలుతురు పడేసిన పద్ధతే ఆమె పాత్రను సగం నిలబెట్టింది. ఆల్ఫ్రెడ్ న్యూమన్ కట్టిన మనకూరా వెన్నెల బాణీ మిగతా సగం మోసింది. ఆ బాణీకి ఫ్రాంక్ లెస్సర్ రాసిన పాట తర్వాత విడిగా బాగా పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు తుఫాను.

దీన్ని నడిపింది జేమ్స్ బసేవి. అంతకు ముందు ఏడాదే వేరే సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపాన్ని తెర మీద చూపించి పేరు తెచ్చుకున్నవాడు. నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ ఎఫెక్ట్స్ కోసం అతనికి ఇచ్చింది 4 లక్షల డాలర్లు. అందులో లక్షన్నరతో రెండువందల గజాల మడుగుతో సహా ఒక ఊరు కట్టారు. మిగతా రెండున్నర లక్షలు ఆ ఊరిని పడగొట్టడానికి ఖర్చుపెట్టారు. కంప్యూటర్ లేదు, ఏమీ లేదు. పెద్ద పెద్ద ఫ్యాన్లు, నీళ్ళ గొట్టాలు, వాటికి ఎదురుగా నిజం మనుషులు. ఇసుకా నీళ్ళూ ముఖానికి కొట్టుకుని సూదులు గుచ్చినట్టు రక్తపు చుక్కలు వచ్చేవని మేరీ ఆస్టర్ తర్వాత రాసుకుంది. ఆ సన్నివేశంలో ఆమె కళ్ళు మూసుకోవడం, తల పక్కకు తిప్పుకోవడం నటన కాదు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు రెగ్యులర్ ఆస్కార్ అప్పటికింకా పెట్టలేదు, అది 1939 సినిమాలతో మొదలైంది. అందుకే ఈ సినిమాకు వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ సౌండ్ రికార్డింగ్‌ది, థామస్ మౌల్టన్‌కి.

ఆ అవార్డు సరైన చోటికే వెళ్ళిందని నా నమ్మకం. ఈ తుఫానును కళ్ళతో కంటే చెవులతో ఎక్కువ చూడాలి. 2013 అక్టోబర్ 12 రాత్రి, దసరా రోజుల్లో, ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు నేను బరంపురంలో ఇంట్లోనే ఉన్నాను. గంటకు 200 కిలోమీటర్ల గాలి అంటే అందరూ ఒక పెద్ద శబ్దం అనుకుంటారు. అది ఒక్క శబ్దం కాదు. తలుపు సందుల్లోంచి సన్నటి ఈల ఒకటి, అది ఆగదు. దాని కింద నేలలోంచి వస్తున్నట్టు బరువైన హోరు. ఈ రెండిటి మధ్య ఎక్కడో రేకు లేచి పడిన చప్పుడు, చెట్టు విరిగిన చప్పుడు. ఎక్కడ పడిందో తెలియదు, తర్వాతది ఎక్కడ పడుతుందో తెలియదు. మనిషికి టెన్షన్ పెట్టేది ఆ ఆగని ఈల. సినిమాలో సరిగ్గా ఇవే పొరలు ఉన్నాయి. గాలి మొదట చిన్నగా, ఒక కిటికీ రెక్క కదిలినంతగా మొదలవుతుంది. మాటలు గాలి మీదుగా వినిపిస్తుంటాయి. కాసేపటికి అరిస్తేగానీ వినపడవు. ఇంకాసేపటికి అరిచినా వినపడవు, నోళ్ళు కదలడం మాత్రమే కనిపిస్తుంది. మనుషుల మాట అలా మెల్లమెల్లగా మాయం కావడమే నాకు ఆ సన్నివేశంలో అన్నిటికంటే భయంకరమైన సంగతి. అప్పటిదాకా గంటన్నర పాటు చట్టం గురించి వాదించుకున్న మనుషులు వీళ్ళే కదా.

కొంతమంది అడుగుతారు, అందరూ ఆ చర్చిలోకే ఎందుకు పోయారు, లోపలికి పారిపోవచ్చు కదా అని. మనుకురా ఒక అటోల్. ఇది తెలియాలంటే అటోల్ అంటే ఏమిటో తెలియాలి. సముద్రంలో పగడపు గుట్ట మీద ఉంగరంలా పేరుకున్న సన్నటి నేల అది. మధ్యలో మడుగు, బయట మహాసముద్రం. ఎత్తు చూస్తే సముద్రమట్టానికి రెండు మూడు మీటర్లు, అంతే. మనకు గోపాలపురంలో ఉప్పెన వస్తే బరంపురం వైపు నడవచ్చు, బండెక్కచ్చు. ఫైలిన్‌కు ఒడిశాలో పది లక్షల మందికి దగ్గరగా జనాన్ని ముందే తరలించారు కాబట్టి ప్రాణనష్టం అంత తక్కువతో ఆగింది. 1999 అక్టోబర్ 29న పారాదీప్ వైపు వచ్చిన సూపర్ సైక్లోన్‌లో సుమారు పదివేల మంది పోయారు, అప్పుడు ఆ ఏర్పాటు లేదు. అటోల్ మీద ఉన్నవాడికి తరలిపోవడానికి చోటే ఉండదు. ఉన్న ఎత్తల్లా ఒక రాతి చర్చి, కొన్ని చెట్లు. అందుకే సినిమాలో కొందరు చర్చిలో చేరతారు, తెరంగి తనవాళ్ళను తీసుకెళ్ళి పెద్ద చెట్టుకు కట్టుకుంటాడు.

చెట్టుకు కట్టుకోవడం సినిమావాళ్ళు కల్పించింది అనుకోకండి. ఆ దీవుల్లో అది పాత పద్ధతి. 1903లో తువామొతు దీవుల మీద పడిన తుఫానులో ఐదువందల మందికి పైగా చనిపోయారు. అక్కడ బతికినవాళ్ళలో కొబ్బరిచెట్లను పట్టుకుని బతికినవాళ్ళున్నారు. 1977 దివిసీమ ఉప్పెన గురించి విన్నవాళ్ళకు తాటిచెట్లు పట్టుకుని బతికినవాళ్ళ సంగతీ తెలిసే ఉంటుంది. గోపాలపురంలో ఒక పెద్ద జాలరి ఈ సన్నివేశాన్ని మళ్ళీ వేయించుకుని చూశాడు. తాడు ఎక్కడ కట్టారు, ముడి ఏ వైపు పెట్టారు అని చూస్తున్నాడు. "నడుముకు కడితే నీళ్ళకు ఒళ్ళు విరిగిపోద్ది, చంకల కింద నుంచి తియ్యాల. ముడి చేతికి అందే చోట ఉండాల, నీరు ఇంకా లేస్తే ఇప్పుకుని పైకెక్కాల గదా" అన్నాడు. సినిమా విమర్శ నేను చాలా చదివాను గానీ, ఒక షాట్‌ను ఇంత శ్రద్ధగా చూసినవాడిని అరుదుగా చూశాను.

ఇంకొక్క విషయం, దర్శకుడి పనితనం గురించి. తుఫానులో జనాన్ని మూడు చోట్లకు పంచుతాడు. చర్చిలో ఫాదర్ పాల్, ఆయన చుట్టూ పాడుతున్న జనం. చెట్టు మీద తెరంగి కుటుంబం, వాళ్ళతో పాటు గవర్నరు భార్య. మూడోది డాక్టరు ఉన్న పడవ, అందులో ఒక తల్లికి కాన్పు జరుగుతుంటుంది. ఎవరు ఎక్కడున్నారో మీకు ముందే స్పష్టంగా తెలిసేలా చూపిస్తాడు. అందువల్ల నీళ్ళు చర్చి గోడను తాకినప్పుడు ఏం పోతోందో మనకు తెలుసు. ఈ రోజుల్లో వచ్చే ప్రళయం సినిమాల్లో చాలావాటికి లేనిది ఇదే.

లోపాలు ఉన్నాయి, దాచను. మొదటిది, దీవి జనంలో ప్రధాన పాత్రలు వేసిన ఇద్దరూ పాలినీషియా వాళ్ళు కాదు. చిన్న పాత్రల్లో హవాయి, పసిఫిక్ మూలాలున్నవాళ్ళు ఉన్నారు గానీ, కథానాయికకు ఒంటికి రంగు పులిమి కూర్చోబెట్టారు. రెండోది, దీవి మనుషులను పసిపిల్లల్లా చూపించే అలవాటు. వాళ్ళు ఎప్పుడూ నవ్వుతూ, పాడుతూ, పువ్వులు పెట్టుకుని ఉంటారు. వాళ్ళ గొడవలు, వాళ్ళ కష్టం, వాళ్ళ తెలివి పెద్దగా కనపడవు. తెల్లవాడి చట్టాన్ని విమర్శించిన సినిమాయే, ఆ చట్టం కింద ఉన్నవాళ్ళను పెద్దమనుషులుగా చూడటంలో తడబడింది. మూడోది, జైలు భాగం. జాన్ కరడైన్ వేసిన వార్డర్ క్రూరత్వం మరీ ముదిరిపోయింది. గవర్నరు పాత్రలో ఉన్న సున్నితత్వం అక్కడ లేదు. వ్యవస్థ తప్పు అని అప్పటిదాకా చెప్పిన కథ, ఆ పది నిమిషాలు ఒక దుర్మార్గుడి తప్పు అన్నట్టు మాట్లాడుతుంది. మీరు సగంలో ఆపేశారంటే బహుశా ఇక్కడే ఆపి ఉంటారు. ఆ భాగం దాటండి.

మరి ఇంత ఉన్న సినిమా ఎందుకు మరుగున పడింది? ముఖ్యంగా 1939 వల్ల. ఆ ఏడాది ఫోర్డ్ 'స్టేజ్‌కోచ్' అనే కౌబాయ్ సినిమా తీశాడు. అదే రచయిత డడ్లీ నికొల్స్, అదే ఛాయాగ్రాహకుడు గ్లెన్నన్, అదే కరడైన్. 'హరికేన్'లో తాగుడు అలవాటున్న, మనసున్న డాక్టరుగా వేసి ఆస్కార్ నామినేషన్ దాకా వచ్చిన థామస్ మిచెల్, 'స్టేజ్‌కోచ్'లో మళ్ళీ తాగుబోతు డాక్టరే వేసి ఈసారి ఆస్కార్ కొట్టాడు. దాంతో రెండేళ్ళ ముందు ఇదే బృందం చేసిన పని అందరూ మర్చిపోయారు. ఫోర్డ్ అంటే గుర్రాలు, ఎడారి అన్న ముద్ర పడిపోయింది. ఇంకోవైపు లామూర్ అంటే ఒంటికి చుట్టుకునే సారోంగ్ అన్న ముద్ర. అంతకు ముందు ఏడాది అడవి సినిమాతో మొదలై, ఆ తర్వాత కామెడీల్లో కూడా ఆ బట్టతోనే కనిపించడంతో ఈ సినిమానూ ఆ గుంపులో కలిపేశారు. 1979లో ఇదే పేరుతో రంగుల్లో, బోరాబోరాలో మళ్ళీ తీసిన సినిమా కూడా మేలు చేయలేదు. కథను మార్చేశారు. అది చూసి అసలుదీ ఇంతేననుకున్నవాళ్ళు నాకు కనీసం ఇద్దరు ముగ్గురు తగిలారు.

ముగింపు గురించి కూడా చెప్పాలి. సినిమా పూర్తి చేయని మీరు ఈ పేరా దాటేసి కిందికి వెళ్ళండి. తుఫాను వెళ్ళిపోయాక తెరంగి కుటుంబం పడవలో దూరంగా పోతుంటుంది. గవర్నరు దుర్భిణి పెట్టి చూస్తాడు. అతనికి కనిపిస్తుంది, మనకు తెలుసు. పక్కన ఉన్న భార్య, తన ప్రాణం కాపాడినవాడి కోసం, అది కొట్టుకుపోతున్న దుంగ అంటుంది. అతను ఒక క్షణం ఆగి ఒప్పుకుంటాడు. తొమ్మిది పది రీళ్ళ పాటు ఎవరు చెప్పినా వంగని మనిషి ఒక అబద్ధాన్ని ఒప్పుకోవడం ఇది. గాలికి భయపడి మారిపోయాడని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. మాసీ ముఖం చూడండి, అందులో భయం లేదు. తన దీవి లేదు, తన ఆఫీసు లేదు, తన ఫైళ్ళు లేవు. ఇన్నాళ్ళూ తాను కాపాడినదేదీ అక్కడ లేదని అప్పుడు తెలుసుకున్న మనిషి ముఖం అది. ఛత్రపురం పెద్దాయన కూడా ఈ షాట్ దగ్గర, "ఇక్కడ మాత్రం నేనూ దుంగ అనే రాస్తాను" అన్నారు.

చూసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. వెతికేటప్పుడు పేరుతో పాటు 1937 అని, జాన్ ఫోర్డ్ అని తప్పకుండా కొట్టండి. ఇదే పేరుతో 1979 సినిమా కాక, 1999లో వచ్చిన బాక్సర్ కథ కూడా ఉంది, చాలామంది దాంట్లో దిగబడతారు. మసక ప్రింట్లు తిరుగుతుంటాయి, వాటిని ముట్టుకోవద్దు. బ్లూ-రే వచ్చింది, దాంట్లోంచి తీసిన కాపీ దొరికితే అదే చూడండి. నలుపు తెలుపులో ఆ నీళ్ళ మెరుపు కనిపించకపోతే సగం పోయినట్టే. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, పాత ఇంగ్లీషు, దాని మీద గాలి మోత. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు. మంచి హెడ్‌ఫోన్లు లేదా ఒక మోస్తరు స్పీకర్లు ఉంటే గాలి పొరలు విడివిడిగా వినిపిస్తాయి. రెండు విడతల్లో చూడాలనుకుంటే తెరంగి పడవ ఎక్కి సముద్రంలోకి పోయే చోట ఆపండి. తుఫాను మొదలయ్యాక ఆపొద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చూడాలనుకుంటే ముందు వాళ్ళను అడగండి. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, మీ రాయగడ జిల్లాల దాకా వరద తెచ్చింది. ఆ రోజులు చూసినవాళ్ళకు ఈ సినిమా వినోదం కాకపోవచ్చు. గోపాలపురంలో ఒకావిడ చర్చి గోడ కూలే ముందే లేచి బయటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నేను సినిమా వేసే ముందు తుఫాను ఎక్కడ మొదలవుతుందో, ఎంతసేపు ఉంటుందో చెప్పేస్తున్నాను. కావాలంటే లేచి వెళ్ళి, అయ్యాక వచ్చి కూర్చోవచ్చు. దుంగ సన్నివేశానికి వాళ్ళను పిలుస్తాను.

ఇది నచ్చితే తర్వాత ఏం చూడాలని అడుగుతారేమో. 1931లో మూర్నౌ తీసిన 'టబూ' చూడండి. అది బోరాబోరాలో, అక్కడి మనుషులతోనే తీసిన మూకీ. నేను పైన చెప్పిన మొదటి లోపం దాంట్లో లేదు. సినిమా విడుదలకు వారం ముందే మూర్నౌ కారు ప్రమాదంలో చనిపోయాడు. దాని ఛాయాగ్రాహకుడు ఫ్లాయిడ్ క్రాస్బీకి ఆస్కార్ వచ్చింది. కానీ ముందు 'హరికేన్' పూర్తి చేయండి. చూశాక గవర్నరు గురించి మీ అభిప్రాయం ఇక్కడే రాయండి, ముఖ్యంగా ఛత్రపురం పెద్దాయన వైపా, టీచరమ్మ వైపా అన్నది.